అలాస్కా క్రూయిజ్‌కు ‘ఎందుకైనా మంచిది’ సామాను ఎలా ఎంచుకోవాలి

వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలను సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కు తీసుకువెళ్ళే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. టికెట్లు కొన్న రోజు నుంచి ఓడ ఎక్కే రోజు దాకా వారందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎందుకైనా మంచిదని ఏమేం పెట్టుకోవాలి? ఆ ప్రశ్నకు వస్తువుల జాబితా ఒక్కటే ఇస్తే సరిపోదు, ఎందుకంటే ఒక ఇంటికి అత్యవసరమైన వస్తువు ఇంకో ఇంటికి ఉత్త బరువు. అందుకని ఏది పెట్టాలో ఏది మానాలో మీకు మీరే తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. సియాటిల్‌లో బయలుదేరి కెచికన్, జూనో, స్కాగ్వే చూసి, కెనడాలోని విక్టోరియా మీదుగా తిరిగి వచ్చే ఏడు రాత్రుల ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. మీ ఓడ ఇంకో దారిలో వెళ్ళినా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- మీ ఓడ కంపెనీ ప్రకటించిన నిషేధిత వస్తువుల జాబితా. కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి స్నేహితులు వెళ్ళిన ఓడ జాబితా మీకు పనికిరాదు.
- ఓడ ఏ రోజు ఏ రేవులో ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు ఆగుతుందో చూపే పట్టిక.
- మీ గది లోపలి గదా, కిటికీ ఉన్నదా, బాల్కనీ ఉన్నదా అనే వివరం.
- వచ్చేవారందరి మందుల చీటీలు.
- సామాను తూచే చిన్న త్రాసు, ఒక ఖాళీ బూట్ల పెట్టె, కాగితం, పెన్ను.

బూట్ల పెట్టె ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

1. ముందు కాగితం మీద రాయండి, పెట్టె తెరవకండి

ప్రయాణానికి పది రోజుల ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ‘ఒకవేళ’ అనే మాటతో మొదలయ్యే ప్రతి వస్తువునూ రాయండి. ఒకవేళ జ్వరం వస్తే, ఒకవేళ వాన పడితే, ఒకవేళ అన్నం దొరక్కపోతే, ఒకవేళ కళ్ళజోడు విరిగితే. రోజూ తప్పక వాడే బట్టలు, పళ్ళపొడి వంటివి ఈ కాగితంలోకి రాకూడదు. అమ్మానాన్నలు చెప్పినవన్నీ అడ్డు చెప్పకుండా రాయండి. వారి భయం ఏమిటో అక్కడే తెలుస్తుంది, వారు అడిగిన వస్తువు తీసుకువెళ్ళకపోయినా ఆ భయానికి ఏదో ఒక ఏర్పాటు చేయవలసిన బాధ్యత మీదే.

2. ప్రతి వస్తువు పక్కనా ఒక గుర్తు పెట్టండి: ప్రమాదం, ఇబ్బంది, వెలితి

ఆ వస్తువు లేకపోతే ఏం జరుగుతుందో ఆలోచించండి. ప్రాణానికో, ఆరోగ్యానికో, ప్రయాణానికో ముప్పు వచ్చేదైతే ‘ప్రమాదం’. బీపీ, షుగరు మాత్రలు, అదనపు కళ్ళజోడు, పాస్‌పోర్టు, వినికిడి యంత్రం బ్యాటరీలు ఈ కోవలోకి వస్తాయి. ఒక పూట కష్టపడి ఎలాగో గట్టెక్కగలిగేదైతే ‘ఇబ్బంది’. రెండో జత బూట్లు, ఫోను చార్జరు, సూదీదారం అలాంటివి. లేకపోయినా పని జరిగిపోయి, ఉంటే బాగుండుననిపించేది ‘వెలితి’. కారప్పొడి, రెండో పట్టుచీర, ఆడుకునే పేకముక్కలు ఇందులో వేయవచ్చు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు వెలితిని ప్రమాదంగా లెక్కవేయడం. నాన్నగారికి ఊరగాయ లేకుండా ముద్ద దిగదన్నది నిజమే కావచ్చు, అయినా అది వెలితే. అలా గుర్తు పెట్టినంత మాత్రాన ఊరగాయ మానేయమని కాదు. దాని వంతు మాత్రల తరువాత వస్తుందని మాత్రమే.

3. ఎంత దూరంలో దొరుకుతుందో రాయండి

ఓడలోని దుకాణంలో పళ్ళపొడి, సబ్బు, తలనొప్పి మాత్రల వంటివి దొరుకుతాయి, ధర మాత్రం బయటికంటే ఎక్కువ. కెచికన్‌లో వాల్‌మార్ట్, జూనోలో కాస్ట్‌కో ఉన్నాయి, అయితే రెండూ ఓడ ఆగే చోటికి దూరం కాబట్టి వాటికోసం వెళితే ఊరు చూసే సమయం తగ్గిపోతుంది. స్కాగ్వే సుమారు 1,200 మంది ఉండే చిన్న ఊరు. జూనో అలాస్కా రాజధానే అయినా బయటి ప్రపంచంతో దాన్ని కలిపే రోడ్డు లేదు, విమానంలోనో ఓడలోనో రావాలి. మధ్యలో ఏ రేవూ తగలని సముద్రపు రోజులు కూడా ఉంటాయి. అందుచేత ప్రతి వస్తువు పక్కన ‘ఓడలో’, ‘రేవులో’, ‘ఎక్కడా లేదు’ అని మూడింటిలో ఒకటి రాయండి.

1898 ప్రాంతంలో బంగారం వేటలో స్కాగ్వే, డయీ రేవుల్లో దిగినవారిని, ఏడాదికి సరిపడా తిండి చూపిస్తేనే కెనడా పోలీసులు కనుమ దాటనిచ్చేవారు. తిండీ పనిముట్లూ కలిపి మనిషికి దాదాపు ఒక టన్ను అయ్యేది, దాన్ని విడతలు విడతలుగా కొండెక్కించేవారు. దారిలో ఏదీ కొనడానికి లేదు కాబట్టి ఆ షరతు న్యాయమైనదే. అదే ఊరికి వెళుతున్న మీకు మాత్రం చాలా వస్తువులు ఒక రోజు దూరంలోనే ఉన్నాయి.

ఇప్పుడు తీర్పు ఇలా చేయండి. ‘ప్రమాదం’ గుర్తు ఉన్నది ఎక్కడ దొరికినా సరే, మీ వెంట రావలసిందే. ‘ఇబ్బంది’ గుర్తు ఉండి ‘ఎక్కడా లేదు’ అని రాసినది రావాలి, ‘ఓడలో’ అని రాసినది మానేయాలి, ‘రేవులో’ అని రాసినది తేలికైతేనే రావాలి. ‘వెలితి’ గుర్తు ఉన్నవి మనిషికి ఒకటి చొప్పున ఎంచుకోమనండి. జడివాన జాకెట్ల వంటి బట్టలను విడిచిపెట్టి, ఇబ్బంది, వెలితి కింద మిగిలినవన్నీ ఆ బూట్ల పెట్టెలో పట్టాలి. నలుగురున్న కుటుంబానికి ఒక పెట్టె చాలు. మూత పడకపోతే పెట్టెను పెంచకండి, జాబితాను తగ్గించండి.

4. నిషేధిత జాబితాతో సరిపోల్చండి

ఓడ ఎక్కే ముందు ప్రతి సంచినీ స్కానింగు యంత్రంలో చూస్తారు. నిప్పు పుట్టించేవీ వేడి పుట్టించేవీ దాదాపు ఏ కంపెనీ ఒప్పుకోదు, నడి సముద్రంలో అగ్నిప్రమాదం కంటే పెద్ద ఆపద లేదు కాబట్టి. మన ఇళ్ళనుంచి తరచుగా వెళ్ళి పట్టుబడేవి ఇవి: చిన్న రైస్ కుక్కరు, కరెంటు కెటిలు, ఇస్త్రీపెట్టె, అగరుబత్తీలు, కర్పూరం, కొవ్వొత్తులు. పొడవాటి కత్తులనూ ఒప్పుకోరు. తీసుకున్న కుక్కరు వంటివాటిని మామూలుగా ప్రయాణం చివర తిరిగి ఇస్తారు, అయితే ఆ సంచి మీ గదికి ఆలస్యంగా రావడమో, మీరే భద్రతా విభాగానికి వెళ్ళి తెరిచి చూపించవలసి రావడమో జరుగుతుంది.

హెచ్చరిక: నాలుగైదు ప్లగ్గులు పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బోర్డులను, ముఖ్యంగా సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నవాటిని చాలా ఓడల్లో అనుమతించరు. వాటికి బదులు అనేక యూఎస్‌బీ రంధ్రాలున్న చార్జరు ఒకటి తీసుకోండి. గదిలో అమెరికా తరహా ప్లగ్గు పాయింట్లు ఉంటాయి కాబట్టి ఇండియా నుంచి తెచ్చిన చార్జర్లకు అడాప్టరు కావాలి. నిద్రలో ఊపిరికోసం సీప్యాప్ యంత్రం వాడేవారు ముందే కంపెనీకి తెలియజేస్తే తీగ, శుద్ధజలం వంటివి ఏర్పాటు చేస్తారు.

దేవుడి దగ్గర దీపం పెట్టనిదే రోజు మొదలుపెట్టని పెద్దలు ఉంటే చిన్న పటం, కుంకుమ భరిణె పెట్టండి. దీపం వెలిగించడానికి వీలుండదని ఇంటి దగ్గరే చెప్పండి. ఓడలో తెలిస్తే వారికి మరీ కష్టంగా ఉంటుంది.

5. పత్రాలు సరిచూడండి

అన్నిటికంటే పెద్ద ‘ఒకవేళ’ ఇదే, కానీ చాలామంది దీన్ని సామానుగా లెక్కించరు. అమెరికాలో 1886లో వచ్చిన ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ప్రయాణికులను ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు నేరుగా చేరవేయకూడదు. సియాటిల్ నుంచి తిరిగి సియాటిల్‌కే వచ్చే పెద్ద ఓడలు విక్టోరియా వంటి కెనడా రేవులో కొద్ది గంటలైనా ఆగడానికి కారణం ఇదే. అందువల్ల భారత పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకు అమెరికా వీసాతో పాటు కెనడా సందర్శక వీసా కూడా కావాలి. విక్టోరియాలో మేము దిగము అంటే సరిపోదు, ఓడ ఎక్కేటప్పుడే ఆ పత్రం అడుగుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవారు పాస్‌పోర్టునూ కార్డునూ రెండింటినీ తేవాలి. వీసా స్టాంపు గడువు తీరిన హెచ్-1బీ ఉద్యోగులు తిరిగి ప్రవేశించడం గురించి వలస న్యాయవాదిని అడిగి ముందే తేల్చుకోవాలి. కెనడా వీసాకు వారాలు పడుతుంది కాబట్టి టికెట్టు కొన్న వారంలోనే దరఖాస్తు చేయండి.

పాస్‌పోర్టుల నకళ్ళు రెండు సెట్లు తీసి, అసలు ఒక సంచిలో, నకలు మరో సంచిలో పెట్టండి. స్కాగ్వేలో వైట్ పాస్ రైలెక్కేవారు తాము కొన్న ప్రయాణం సరిహద్దు దాటి కెనడాలోకి వెళుతుందో లేదో చూసుకోవాలి. దాటేదైతే ఆ రోజు పాస్‌పోర్టు గదిలో వదిలి రాకూడదు.

పెద్దలకోసం తీసుకున్న సందర్శకుల ఆరోగ్య బీమా అమెరికా బయట, నడి సముద్రంలో, కెనడాలో పనిచేస్తుందో లేదో పత్రం చదివి చూడండి. ఓడలోని వైద్యుడి ఫీజు మీ గది ఖాతాలో పడుతుంది. రోగిని హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చవలసి వస్తే అయ్యే ఖర్చు చాలా పెద్దది.

6. మందుల సంచి

రోజువారీ మాత్రలు ప్రయాణం రోజులకంటే కనీసం నాలుగైదు రోజులకు ఎక్కువ ఉండాలి. అసలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, విప్పి డబ్బాలో కలిపితే ఏది ఏదో ఓడ వైద్యుడికి తెలియదు. ఇండియా బ్రాండు పేర్లు అక్కడివారికి పరిచయం ఉండవు కాబట్టి ప్రతి మందు అసలు రసాయన నామాన్ని చీటీ మీద రాయించుకోండి. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. నాన్న వేసుకునే డోలో 650లోనూ, అక్కడ జలుబుకని కొనే చాలా మందుల్లోనూ ఇదే ఉంటుంది, తెలియక రెండూ వేసుకుంటే మోతాదు మించుతుంది.

వాంతులు, కళ్ళు తిరగడం గురించి అందరికీ భయం ఉంటుంది. అలాస్కా దారిలో దీవుల చాటున నడిచినంతసేపు నీరు నిలకడగానే ఉంటుంది. అయితే సియాటిల్ నుంచి వెళ్ళే పెద్ద ఓడలు సాధారణంగా వాంకూవర్ దీవికి పడమటి వైపున బయటి సముద్రంలో వెళతాయి, ఊగేది అక్కడ. మెక్లిజిన్ మాత్ర అమెరికాలో చీటీ లేకుండానే దొరుకుతుంది. కడుపులో తిప్పడం మొదలైన తరువాత వేసుకుంటే అంతగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. ఇండియాలో అలవాటైన ఎవోమిన్ మత్తు ఎక్కువ ఇస్తుంది, మెట్ల దగ్గర పెద్దలు తూలే ప్రమాదం ఉంది. ప్రొస్టేటు, గ్లకోమా ఉన్నవారు ఈ రెండింటిలో ఏదైనా వైద్యుడిని అడగకుండా వేసుకోకూడదు. మాత్ర వద్దనుకుంటే అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు దగ్గర ఉంచుకుని, ఓడ మధ్యభాగంలో కింది అంతస్తుల్లో కూర్చోండి.

ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, థర్మామీటరు, బ్యాండేజీలు పెట్టండి. చేతులకు రాసుకునే శానిటైజరు పెద్ద సీసా అక్కరలేదు: ఓడల్లో విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద అది బాగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడుక్కోవడమే నమ్మదగినది.

ఇన్సులిన్ వాడేవారు గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మకండి, కొన్నిటిలో చల్లదనం చాలదు. మందులకోసమని ప్రత్యేక ఫ్రిజ్‌ను, సూదులు పారవేసే డబ్బాను ముందే అడగండి. గ్లూకోజు బిళ్ళలు సంచిలో కాకుండా జేబులో ఉండాలి.

7. వానకూ చలికీ

కెచికన్‌లో ఏటా సగటున 140 అంగుళాలకు పైగా వర్షం కురుస్తుంది, హైదరాబాదులో కురిసేదానికి నాలుగింతలకంటే ఎక్కువ. జూనోలో వేసవి పగళ్ళు కూడా చాలావరకు 18 డిగ్రీల లోపే ఉంటాయి, హిమనదం దగ్గర డెక్కు మీద నిలబడితే గాలికి ఇంకా చలి. కాబట్టి వాన జాకెట్టు ఇక్కడ ‘ఒకవేళ’ వస్తువు కాదు, తప్పనిసరి వస్తువు. టోపీ ఉన్నది, లోపల స్వెట్టరు వేసుకున్నా పట్టేంత వదులైనది తీసుకోండి. గొడుగు గాలికి తిరగబడుతుంది, దాన్ని మానేయవచ్చు.

మందపాటి కోటు ఒకటి తేవడం సాధారణంగా జరిగే పొరపాటు. అది పెట్టెలో సగం ఆక్రమిస్తుంది, మధ్యాహ్నం ఎండ వస్తే మోయవలసి వస్తుంది. దానికి బదులు లోపల థర్మల్, మీద ఫ్లీస్, ఆపైన వాన జాకెట్టు అని మూడు పొరలుగా వేసుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక పొర విప్పవచ్చు. జీన్సు, నూలు బట్ట తడిస్తే ఆరవు. చీర తప్ప కట్టని అమ్మలకు లోపల థర్మల్ లెగ్గింగ్సు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, జారని బూట్లు ఉంటే చాలు. రేవుల్లో దిగే రోజుల్లో మాత్రం చుడీదారు వేసుకోమని నచ్చజెప్పండి, తడి మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయి. మంకీ క్యాపు, పలుచని చేతితొడుగులు మనిషికి ఒక్కటి చొప్పున పెట్టండి.

8. తిండి

చాలా కంపెనీలు ఇంట్లో వండినవాటిని ఓడలోకి అనుమతించవు, కంపెనీలో సీలు చేసిన పొట్లాలను అనుమతిస్తాయి. డబ్బాలో పోసి తెచ్చిన ఆవకాయ మీద ఆశ పెట్టుకోకుండా, దుకాణంలో కొన్న చిన్న పచ్చడి సీసా, కారప్పొడి పొట్లం పెట్టండి. సియాటిల్‌కు విమానంలో వచ్చేవారు పచ్చడిని చేతిసంచిలో పెట్టకూడదు, అది 100 మిల్లీలీటర్ల నియమం కిందికి వస్తుంది.

ఇంతకంటే మేలైన మార్గం ఒకటుంది. అనేక ఓడల్లో ముందే అడిగితే భారతీయ శాకాహారం వండిపెడతారు. టికెట్టు కొన్నప్పుడు ఒకసారి రాసి, మొదటి రాత్రి భోజనాల గదిలో పెద్ద వెయిటరుతో మరోసారి చెప్పండి. అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయని తెలిసిన తరువాత పెద్దల జాబితాలోంచి సగం వస్తువులు వాటంతటవే పోతాయి. ఓడలోని పండ్లను రేవులోకి తీసుకువెళ్ళకండి.

9. గదిలోకి

ఓడ గోడలు చాలావరకు ఉక్కువి కాబట్టి అయస్కాంతపు కొక్కేలు నాలుగు తెస్తే తడి జాకెట్లు తగిలించుకోవచ్చు. లోపలి గది తీసుకున్నవారికి రాత్రి కన్ను పొడుచుకున్నా కనిపించదు, బ్యాటరీ బెడ్‌ల్యాంపు పెట్టండి. కిటికీ ఉన్నవారికి దీనికి వ్యతిరేకం: జూన్‌లో జూనోలో 18 గంటలకు పైగా పగలు, కళ్ళకు గంత కావాలి. స్నానాల గదిలో టాయిలెట్ పక్కన కడుక్కునే నీళ్ళ గొట్టం ఉండదు కాబట్టి మడిచే ప్లాస్టిక్ మగ్గు ఒకటి మరిచిపోకండి. మన పెద్దలకు ఈ ఒక్క వస్తువు చేసే మేలు చాలా పెద్దది.

చేతి గడియారం కూడా పెట్టండి. అలాస్కా సమయం సియాటిల్ కంటే గంట వెనుక ఉంటుంది. ఫోను తనంతట తాను మారితే ఓడ సమయం ఏదో తికమక అవుతుంది. గడియారాన్ని ఓడ సమయానికే పెట్టుకోండి.

10. చేతిసంచిని విడిగా సర్దండి

రేవులో పెద్ద పెట్టెలు పోర్టర్లకు ఇచ్చేస్తాం. అవి గది గుమ్మానికి చేరేసరికి గంటలు పట్టవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నాన్నగారి బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టాను. ఆ పెట్టె రాత్రి ఎనిమిది దాటాక వచ్చింది, అంతసేపూ ఆయన నన్ను ఒక్క మాట అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ‘ప్రమాదం’ గుర్తు ఉన్న ప్రతిదీ, ఒక జత బట్టలు, చార్జరు, పోర్టర్లకు ఇవ్వడానికి చిల్లర డాలర్లు చేతిసంచిలోనే ఉండాలి.

చివరి రాత్రికి ఇదే హెచ్చరిక తిరగేసి వర్తిస్తుంది. పెట్టెలను ఆ రాత్రి గది బయట పెట్టమంటారు. మరునాడు వేసుకునే బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు కూడా అందులో సర్దేసి, రాత్రి దుస్తులతో దిగవలసి వచ్చినవారు ఉన్నారు.

సరిగ్గా సర్దామో లేదో చూసుకోవడం

బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఈ పరీక్షలు చేయండి. వాన జాకెట్టు వేసుకుని షవరు కింద ఐదు నిమిషాలు నిలబడండి, భుజాల దగ్గర లోపలి చొక్కా తడిస్తే అది పనికిరాదు, మార్చడానికి ఇంకా సమయం ఉంది. పెద్ద పెట్టెలు మూసేసి ఒక సాయంత్రం నుంచి మరునాటి ఉదయం వరకు చేతిసంచితోనే గడపండి, దేనికోసం పెట్టె తెరవవలసి వచ్చిందో అది చేతిసంచిలోకి మారాలి. ఎవరి పెట్టెను వారే ఎత్తి ఒక అంతస్తు మెట్లెక్కి చూడండి, ఎక్కలేకపోతే అందులోంచి తగ్గించవలసింది ‘వెలితి’ వరుస నుంచే. విమానంలో వచ్చేవారు పెట్టె 23 కిలోలు దాటలేదని తూచి చూసుకోండి. చివరిగా, మందుల సంచిని ఇంట్లో మరొకరి చేతికిచ్చి, అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ మాత్ర ఇవ్వాలో చీటీ చూసి చెప్పమనండి. వారు చెప్పలేకపోతే చీటీ మళ్ళీ రాయండి.

కాగితాన్ని పారవేయకండి, ఓడలోకి తీసుకువెళ్ళండి. చివరి రాత్రి పెట్టెలు సర్దేటప్పుడు, ప్రయాణంలో వాడిన ప్రతి వస్తువు పక్కనా టిక్కు పెట్టండి, తేనందుకు వెతుక్కున్నవి కింద రాయండి. వచ్చే వేసవికి అత్తయ్యా మామయ్యా వచ్చినప్పుడు ఆ కాగితంతోనే మొదలుపెట్టవచ్చు.